కట్టేవాడికి తెలుసు, ఆడేవాడికి తెలియదు

సుధాకర్ గుంటూరులో జూనియర్ కాలేజీ లెక్కల లెక్చరర్. డాలస్‌లో ఉంటున్న కొడుకు సెలవులకొచ్చి వదిలివెళ్లిన నింటెండో స్విచ్‌లో ‘సూపర్ మారియో మేకర్ 2’ ఆడటం, అందులో సొంతంగా లెవెల్స్ కట్టడం ఆయన వ్యాపకం. అన్న కూతురు వాసంతి హైదరాబాదులో ఒక గేమ్ స్టూడియోలో లెవెల్ డిజైనర్. సంక్రాంతికి అందరూ ఒకచోట చేరినప్పుడు ఇద్దరికీ పడిన వాదం ఇది.

వాసంతి: బాబాయ్, పొద్దున్నుంచీ ముక్కూ మొహం తెలియనివాళ్లు కట్టిన లెవెల్సే ఆడుతున్నాను. ఒకదాంట్లో మొదలవగానే అయిదు పైపులు. నాలుగింట్లో దూరితే చావు, ఒకదాంట్లో దూరితే దారి. ఏది ఏదో చెప్పే గుర్తు ఒక్కటీ లేదు. ఇంకోదాంట్లో అసలు బటనే ముట్టుకోకూడదట, స్ప్రింగులే మారియోని ఎగరేసుకుంటూ జెండా దాకా మోసుకెళ్తాయి. మరోదాంట్లో తెరనిండా శత్రువులు, మధ్యలో ఒక నక్షత్రం. కట్టినవాళ్లకి సరదాగానే ఉండుంటుంది. ఆడేవాళ్లకి మాత్రం శిక్ష.

సుధాకర్: మూడు ఆడి మొత్తం మీద తీర్పు చెప్పేస్తే ఎలా అమ్మడూ? మొదటి ‘మారియో మేకర్’ 2015 సెప్టెంబరులో నింటెండో పాత కన్సోల్ వీ యూ మీద వచ్చింది. 2016 మే నాటికే 70 లక్షలకు పైగా లెవెల్స్ తయారయ్యాయని నింటెండోయే చెప్పుకుంది. అన్నింట్లో నీకు నచ్చనివి ఉండవా? ఆ మాటకొస్తే డబ్బు పెట్టి కొన్న ఆటల్లో నీకు నచ్చినవెన్ని?

వాసంతి: నాసివి ఉన్నాయని కాదు నా గొడవ. మంచి లెవెల్‌కి కూడా ముందూ వెనకా లేకపోవడమే గొడవ. 1985 నాటి మారియోలో మొదటి లెవెల్ 1-1 గుర్తు తెచ్చుకో. మారియో తెరకి ఎడమ పక్కన ఉంటాడు, కుడివైపంతా ఖాళీ. ఎటు వెళ్లాలో ఎవరూ చెప్పనక్కర్లేదు. నాలుగడుగులు వేస్తే గుంబా అనే శత్రువు ఎదురొస్తుంది. దూకడం తెలియకపోతే చస్తావు, కానీ నీకు పోయేది నాలుగు సెకన్లే. మెరిసే డబ్బాని కొడితే పుట్టగొడుగు బయటికొచ్చి, కుడివైపు జారి, పైపుకి కొట్టుకుని నీ వైపే తిరిగొస్తుంది. గుంబా లాంటిదేనేమోనని భయపడి తప్పించుకోబోయినా పైన ఇటుకలు అడ్డు, అది నిన్ను తాకక మానదు. తాకితే పెద్దవాడివవుతావు. ఒక్క అక్షరం చదివించకుండా నేర్పేశారు.

సుధాకర్: నేను కాదన్నానా?

వాసంతి: ఇంకా ఉంది. చివర్లో ఎదురెదురుగా రెండు మెట్ల దిబ్బలు వస్తాయి చూడు. మొదటి జతకి మధ్యలో నేల ఉంటుంది, పడినా నడిచి వచ్చేయొచ్చు. వెంటనే అలాంటి జతే ఇంకోటి, ఈసారి మధ్యలో అంతులేని గొయ్యి. అదే దూకుడు, కానీ ఇప్పుడు ప్రాణం మీదికొస్తుంది. అక్కడ నేర్పిన ధైర్యాన్ని ఆ తర్వాత లెవెల్ వాడుకుంటుంది. నీ మేకర్‌లో ఒక లెవెల్ తర్వాత ఇంకోటి వస్తే అవి ఎవరెవరివో. మొదటిది నేర్పింది రెండోదానికి అక్కర్లేదు, రెండోది అడిగేది మొదటిది నేర్పలేదు.

సుధాకర్: ఆ 1-1ని గీసింది దేని మీద? గళ్ల కాగితం మీద. ఆ ఆట తయారుచేసిన మియామొతో, తెజుకా కూచుని గడి గడికీ పెన్సిలుతో నింపారు. ముందు కష్టమైన లెవెల్స్ కట్టి, ఆట మీద చెయ్యి తిరిగాక 1-1 కట్టామని మియామొతోయే చెప్పాడు. అంటే తేలికది కట్టడమే కష్టమని వాళ్లకి కూడా కట్టాకే తెలిసింది. స్టూడియోలో లోపలి పనికి చేసుకున్న ఎడిటర్‌ని చూసి, దీన్నే ఆటగా ఇస్తే పోలా అనిపించి మారియో మేకర్ పుట్టింది. దానికి నిర్మాత ఆ తెజుకాయే. వాళ్లు ఏ గళ్ల కాగితం మీద నేర్చుకున్నారో దాన్ని నా చేతికిచ్చారు. నేను నేర్చుకోవద్దా?

వాసంతి: నేర్చుకో. నేర్చుకున్న ప్రతి పేజీనీ ఊరందరికీ పంచాలా అన్నదే ప్రశ్న.

సుధాకర్: ముందు నేర్చుకోవడం ఎంత గొప్పగా ఉందో విను. ఎడిటర్‌లో ఒకసారి ఆడి చూసి ఆపావనుకో, మారియో వెళ్లిన దారంతా అతడి బొమ్మల వరసలా తెర మీద నిలిచిపోతుంది. నేనేమో బోర్డు మీద పారాబోలాలు గీసి గీసి అలిసినవాణ్ణి. ఇక్కడ చూస్తే, బటన్ నొక్కి పట్టుకుంటే పైకి వెళ్లేటప్పుడు గురుత్వం తక్కువ, కిందికి దిగేటప్పుడు ఎక్కువ. ఎక్కేది ఒక వంపు, దిగేది ఇంకో వంపు. గాలిలో తేలినట్టు లేచి, బరువుగా దిగుతాడు. మారియో దూకుడు ఇంత హాయిగా ఎందుకుంటుందో మావాడు చిన్నప్పుడు టీవీ గేమ్ ఆడుతుంటే పక్కన కూచుని చూసినన్నాళ్లూ నాకు తట్టలేదు. ఒక గొయ్యి ఎన్ని గళ్లు ఉండాలా అని లెక్క కట్టిన రోజు తెలిసింది. ఆడితే తెలిసేది కాదమ్మా అది, కడితేనే తెలుస్తుంది.

వాసంతి: ఒప్పుకుంటాను. మా స్టూడియోలో కొత్తగా చేరినవాళ్లకి కూడా మొదటి పాఠం అదే, ముందు దూకుడుని కొలవమంటాం. ఇప్పుడు నీ లెవెల్ సంగతి మాట్లాడదాం, ఆ పి స్విచ్‌ది.

సుధాకర్: దాన్ని శాస్త్రప్రకారమే కట్టాను. స్విచ్ తొక్కితే కాసేపు నాణేలు ఇటుకలవుతాయి, ఇటుకలు నాణేలవుతాయి. మొదట ఒక గొయ్యి, దాని మీద నాణేల వరస. తొక్కితే వంతెన. ఆ గొయ్యికి అడుగున నేల పెట్టాను, నీ 1-1లో లాగానే. రెండో గొయ్యికి నేల తీసేశాను. మూడోచోట మెలిక. నువ్వు నిలబడ్డవే ఇటుకలు, తొక్కగానే అవి నాణేలైపోయి కాళ్ల కింది నేల పోతుంది.

వాసంతి: మెలిక బాగుంది. మొదటి రెండూ నేర్పాయి, మూడోది ఆ నేర్చుకున్నదాన్నే తిరగేసింది. కానీ నేను పోయిందీ అక్కడే. కాళ్ల కింద నేల పోయాక దూకాల్సిన వంతెన తెరకి కుడిపక్క, కనిపించనంత దూరంలో ఉంది. అది అక్కడుందని నీకు తెలుసు, నాకు తెలియదు. నువ్వు ఎడిటర్‌ని అటూ ఇటూ జరుపుకుంటూ కట్టావు, మొత్తం లెవెల్ నీ తలలో ఉంది. నాకు కనిపించేది ఒక్క తెర. సొంతంగా కట్టే లెవెల్స్ అన్నిటికీ ఉన్న జబ్బు ఇదే. కట్టేవాడు దాన్ని మొదటిసారి ఎప్పటికీ ఆడలేడు.

సుధాకర్: అందుకేగా నింటెండో నియమం పెట్టింది? కట్టినవాడు తన లెవెల్‌ని తానే మొదలు నుంచి జెండా దాకా ఒకసారి గెలిస్తేగాని అప్‌లోడ్ అవదు. దాటలేని గోడ కట్టి జనం మీదికి వదిలే వీలు లేదు.

వాసంతి: ఆ నియమం గెలవడం సాధ్యమని రుజువు చేస్తుంది, అంతే. న్యాయంగా ఉందని రుజువు చేయదు. అయిదు పైపుల మహానుభావుడు కూడా ఆ పరీక్ష నెగ్గినవాడే. సరైన పైపు ఏదో ఆయనకి తెలుసు కాబట్టి చకచకా నెగ్గేసి ఉంటాడు. ఇంకో చిక్కు చూడు. మేకర్ 2లో లెవెల్ తేలికా కష్టమా అన్నది ఎంతమంది గెలిచారన్న లెక్కని బట్టి తేలుతుంది. గుడ్డిగా ఊహించాల్సిన లెవెల్‌లోనూ గెలిచేవాళ్లు తక్కువే, నిజంగా చేతి నైపుణ్యం అడిగే లెవెల్‌లోనూ తక్కువే. రెండూ వెళ్లి ఒకే ‘సూపర్ ఎక్స్‌పర్ట్’ గంపలో పడతాయి. కష్టానికీ అన్యాయానికీ తేడా ఆ లెక్కకి తెలియదు.

సుధాకర్: కొందరికి ఆ మొండి కష్టమే కావాలి. కైజో లెవెల్స్ చూడు. ఎగిరే చోట సరిగ్గా నెత్తి మీద కనపడని డబ్బా పెడతారు, దూకినవాడు దానికి తగిలి గోతిలో పడతాడు. అన్యాయమే. కానీ వేలమంది కూచుని అలాంటివి ఆడుతుంటే చూస్తారు. ఎందుకంటావా? అవధానంలో నిషిద్ధాక్షరి ఎందుకు చూస్తాం? పృచ్ఛకుడు ఈ అక్షరం వద్దు, ఆ అక్షరం వద్దు అని దారులన్నీ మూసేస్తుంటే అవధాని సందు దొరకబుచ్చుకుని పద్యం నడిపిస్తాడు. అడ్డం పెట్టినవాడి తెలివీ, దాటినవాడి తెలివీ రెండూ కలిస్తేనే సభకి ఆనందం. కైజో కట్టినవాడు పృచ్ఛకుడు, ఆడేవాడు అవధాని.

వాసంతి: మంచి పోలికే, కానీ అది నా పక్షాన ఉంది. పృచ్ఛకుడు అవధాని ఎదురుగా కూచుంటాడు. అవధాని ఒక అక్షరం చెప్పాకే తర్వాతది నిషేధిస్తాడు. ఇద్దరి మధ్యా సంచాలకుడు ఉంటాడు, అడ్డదిడ్డంగా అడిగితే సర్దిచెబుతాడు. మేకర్‌లో ఆ సంచాలకుడేడీ? అసలు కైజో ఎలా మొదలైంది? జపాన్‌లో ఒకాయన ‘సూపర్ మారియో వరల్డ్’ని మార్చి తన స్నేహితుడి చేత ఆడించాడు. ఆ వీడియోలు 2007లో బయటికొచ్చి జనాన్ని పిచ్చెక్కించాయి. అవతల ఎవరున్నారో, ఎక్కడ నమ్మి దూకుతాడో, ఎప్పుడు తిట్టుకుంటాడో ఆయనకి తెలుసు కాబట్టే ఆ వల పండింది. దాన్ని చూసి కట్టినవాళ్లకి కనపడని డబ్బా దొరికింది, ఎదురుగా స్నేహితుడు మాత్రం లేడు.

సుధాకర్: సరే, సంచాలకుడు లేడనే అనుకుందాం. ఉన్నచోట్ల ఏమైంది? స్టూడియోలు కట్టినవన్నీ ఒక్క మూసలో వస్తున్నాయి. ఈ స్వేచ్ఛలోంచి వచ్చిన వింతలు చూడు. బ్రిటన్‌లో మీడియా మాలిక్యూల్ అనే స్టూడియో 2008లో ప్లేస్టేషన్ 3 మీద ‘లిటిల్ బిగ్ ప్లానెట్’ తెచ్చింది. గోనెగుడ్డ బొమ్మ ఒకటి ఎగురుకుంటూ పోయే ఆట. జనం చేతికి పిస్టన్లూ తాళ్లూ ఇస్తే ఒకాయన వాటితో లెక్కలు చేసే క్యాలిక్యులేటర్ కట్టేశాడు. మాస్టారికి అంతకన్నా ఏం కావాలి? చివరికి 2011లో వచ్చిన రెండో భాగంలో లాజిక్ గేట్ల లాంటి సామగ్రిని స్టూడియోయే ఇవ్వాల్సొచ్చింది.

వాసంతి: క్యాలిక్యులేటర్‌ని చూసి నోరెళ్లబెడతాం, నిజమే. ఆ తర్వాత? ఆడటానికేముంది అందులో? ఆ గోనె బొమ్మ దూకుడు తేలిపోయినట్టు ఉంటుందని ఆడినవాళ్లు పెదవి విరిచారు. నువ్విందాక అంత ముచ్చటగా చెప్పావే ఎక్కే వంపూ దిగే వంపూ, దాన్ని జనం మార్చలేరు. లెవెల్ ఎవరైనా కట్టొచ్చు గానీ ఒంట్లో బలం ఆట తయారుచేసినవాళ్లు ఇచ్చిందే. మారియోకి కొత్త పని నేర్పాలన్నా, ఇవ్వని శత్రువుని సృష్టించాలన్నా నీ వల్ల కాదు. ఇంకోటి, మొదటి మేకర్‌లో ముందు పది లెవెల్స్ వరకే ఎక్కించనిచ్చేవారు. జనం నక్షత్రాలు వేస్తే ఆ హద్దు వంద దాకా పెరిగేది. నక్షత్రాల కోసం ఏం కడతారు? చెయ్యి కదపక్కర్లేని లెవెల్స్. చూసినవాడు అబ్బా అంటాడు, నక్షత్రం వేస్తాడు, ఏమీ ఆడకుండా వెళ్లిపోతాడు.

సుధాకర్: లైకుల కోసం నాసిగా చేసేవాళ్లు లేని రంగం ఏదో చెప్పు, చేరిపోతాను. మరి ఇంకో పక్క కూడా చూడాలిగా. మొదటి మేకర్ నడిచే వీ యూ సర్వర్లు 2024 ఏప్రిల్ 8న మూసేస్తామన్నారు. అప్పటికే కొందరు ఆటగాళ్లు ‘టీమ్ జీరో పర్సెంట్’ అని పేరు పెట్టుకుని, ఎవరూ గెలవని లెవెల్స్‌ని వెతికి వెతికి గెలుస్తున్నారు. ఆ గడువులోగా ఒక్కటి కూడా మిగలకూడదని పంతం. ఎవరో ఎప్పుడో కట్టి, ఎవరూ దాటక మూలన పడిన లెవెల్‌ని ఏ సంబంధం లేనివాడు వచ్చి దాటాడు. ఏ స్టూడియో ఆటకి దక్కింది అలాంటి గౌరవం?

వాసంతి: చివరికి మిగిలిందేదో కూడా చెప్పు.

సుధాకర్: ‘ట్రిమ్మింగ్ ద హెర్బ్స్’. 2017లో ఎక్కించింది. మిగతావన్నీ అయిపోయాయి, అది మాత్రం లొంగలేదు. గడువు దగ్గర పడ్డాక మార్చిలో తెలిసింది, కట్టినవాడు చేత్తో గెలవలేదని. బటన్లని యంత్రం చేత నొక్కించి పరీక్ష దాటించాడట. నీ మాటే నిజమైంది, ఆ నియమానికి కన్నం పడింది. టీమ్ వాళ్లు దాన్ని లెక్కలోంచి తీసేసి, పని పూర్తయిందన్నారు కూడా. అయినా ఏప్రిల్ 5న ఒక ఆటగాడు చేత్తోనే గెలిచి చూపించాడు, మూతపడటానికి మూడు రోజుల ముందు!

వాసంతి: నాకూ ఒళ్లు గగుర్పొడిచింది. కానీ ఆ గొప్పతనం ఎవరిది? ఆడినవాడిది. యంత్రం గెలిచిన లెవెల్‌లో మనిషి గురించిన ఆలోచన ఒక్క గడిలోనైనా ఉందా? ఏప్రిల్ 8 దాటాక ఆ లక్షల లెవెల్స్ కథ ఏమైంది? ఆ కంపెనీ మీట నొక్కింది, అయిపోయింది. ‘లిటిల్ బిగ్ ప్లానెట్’ సర్వర్లదీ అదే గతి. 1985 క్యాసెట్ ఇప్పుడు పెట్టినా 1-1 వస్తుంది. జనం కట్టింది జనం సొత్తు కాకపోవడం ఈ వ్యవహారంలో అన్నిటికన్నా పెద్ద లోపం.

సుధాకర్: అది కంపెనీ లోపమే గాని కట్టేవాళ్ల లోపం కాదుగా! 1983లో ‘లోడ్ రన్నర్’ వచ్చినప్పుడే 150 లెవెల్స్‌తో పాటు ఎడిటర్ కూడా ఇచ్చారు. నువ్వు కట్టింది నీ ఫ్లాపీలో ఉండేది, ఎవరి సర్వరూ అక్కర్లేదు. కాబట్టి అటకెక్కించాల్సింది జనం కట్టడాన్ని కాదు, జనం కట్టింది కంపెనీ గుప్పిట్లో ఉండటాన్ని.

వాసంతి: అక్కడ నీతో ఉన్నాను. ఇంకో సంగతి నేనే నీకు అందిస్తాను, నీ వాదానికే బలం. 2018లో ‘సెలెస్ట్’ అనే ఆట వచ్చింది, ఒక అమ్మాయి కొండెక్కే ప్లాట్‌ఫామర్. దాని అభిమానులు 300 మందికి పైగా కలిసి 2023 జనవరిలో ‘స్ట్రాబెర్రీ జామ్’ అని వందకు పైగా లెవెల్స్ ఉచితంగా ఇచ్చారు. వాటిని కుప్ప పోయలేదు, తేలిక నుంచి అతి కష్టం దాకా అయిదు అంచెలుగా పేర్చారు. కొత్త కిటుకు అవసరమైన చోట ముందు అది నేర్చుకోవడానికి ‘జిమ్’ పెట్టారు. ఒక అంచెలో నేర్చుకుంది ఆ అంచె చివరి లెవెల్ అడుగుతుంది. ఇందాక నేనడిగిన సంచాలకుడు ఇక్కడున్నాడు.

సుధాకర్: చూశావా, వాళ్లంతా ఎవరు? ఆడేవాళ్లే! మరి జనం కట్టలేరని ఎందుకన్నావు?

వాసంతి: కట్టలేరనలేదు బాబాయ్. ఒంటరిగా కట్టి, ఒంటరిగా గెలిచి, నేరుగా లోకం మీదికి వదిలితే బాగుపడదన్నాను. మా స్టూడియోలో నా లెవెల్స్ మాత్రం మొదట గొప్పగా ఉంటాయా? కొత్తవాణ్ణి తెచ్చి ముందు కూచోబెడతాం. వాడు తప్పు దారిలో వెళ్తుంటే నోరు మెదపకూడదు, ‘అటు కాదు’ అనకూడదు. వాడి వెనక నిలబడి నేనేం ఊహించానో, వాడేం చేస్తున్నాడో చూస్తాను. ఆ తర్వాత సగం తీసి పారేస్తాను. జీతం వల్ల మంచి లెవెల్ రాదు, చూడటం వల్ల వస్తుంది.

సుధాకర్: మేకర్‌లోనూ అది కొంత ఉంది. పోయినవాళ్లు ఎక్కడ పోయారో ఇంటు గుర్తులు పడతాయి. ఒకేచోట గుర్తులు గుట్టగా పడితే అక్కడేదో తేడా ఉందనేగా!

వాసంతి: ఎక్కడ పోయారో తెలుస్తుంది, ఎందుకు పోయారో తెలియదు. దూకుడు కుదరక పోయాడా, వంతెన కనపడక పోయాడా, విసుగొచ్చి తనే గోతిలో దూకాడా? గుర్తు ఒక్కలాగే ఉంటుంది. సరే, కారణం కనిపెట్టావే అనుకో. ఎక్కించిన లెవెల్‌ని దిద్దనివ్వరు. తీసేసి కొత్తగా ఎక్కించాలి, వచ్చిన లైకులు పోతాయి. తప్పు తెలిశాక దిద్దుకునేవాడికి శిక్ష, పట్టించుకోనివాడికి బహుమానం.

సుధాకర్: ఈ మాట నాకు గట్టిగా తగిలింది. 2020 ఏప్రిల్ అప్‌డేట్‌లో మన లెవెల్స్‌ని ఎనిమిది ప్రపంచాలుగా, నలభై లెవెల్స్ దాకా వరసగా పేర్చుకునే వీలు ఇచ్చారు. ముందూ వెనకా లేవన్నావే, ఇప్పుడు వాటిని నేనే ఏర్పరచుకోవచ్చు. కానీ చెప్పు, అందరూ నీలా కొత్తవాణ్ణి కూచోబెట్టి పరీక్షించాకే ఎక్కించాలని నియమం పెడితే ఎంతమంది మిగులుతారు? ఆ లక్షల్లో నూటికి తొంభైమంది అక్కడే మానేస్తారు. వాళ్లు కట్టినవి నాసిరకమే కావచ్చు. కానీ ఒక్క గొయ్యి వెడల్పు నిర్ణయించడానికి తల బద్దలు కొట్టుకున్నవాడు ఆ తర్వాత ఏ ఆటనీ మునుపటిలా ఆడడు. ఎవరో తన కోసం ఆలోచించి పెట్టిన గడిని గుర్తుపడతాడు. రేపు నీ స్టూడియోకి ఉద్యోగానికొచ్చేది వాళ్లలోంచే.

వాసంతి: రానీ. వాళ్లు కట్టిన లెవెల్ ఎంత వింతగా ఉందో, ఎన్ని లైకులొచ్చాయో నేను అడగను. దాన్ని మొదటిసారి ఆడినవాడు ఎక్కడ ఆగిపోయాడు, అది చూశాక నువ్వేం తీసేశావు అని అడుగుతాను. దానికి జవాబు ఉన్నవాడు మేకర్‌లో నేర్చుకున్నా ఒకటే, మా దగ్గర నేర్చుకున్నా ఒకటే.

సుధాకర్: అయితే ఆ ప్రశ్న ముందు నన్నే అడుగు. మూడోచోట వంతెనని నాలుగు గళ్లు ఎడమకి జరుపుతాను, లైకులు పోతే పోనీ. కానీ ఆ ఇటుకలు మాత్రం కాళ్ల కింద నుంచి పోవాల్సిందే, అందులో మార్పు లేదు.

వాసంతి: అది నువ్వు మార్చినా నేను ఒప్పుకోను.